ముక్కు రంధ్రం మళ్లీ మూసుకుపోకుండా పెట్టే స్టెంట్లు: ఏది ఎంతవరకు పనికొస్తుంది

మూసుకుపోయిన ముక్కు రంధ్రాన్ని తెరిచే ఆపరేషన్ అనగానే జనం అడిగేవి మూడు: సర్జన్ ఎవరు, ఖర్చెంత, మచ్చ కనబడుతుందా. కుట్లు తీశాక ముక్కులో ఏం పెడతారు, ఎన్ని నెలలు ఉంచాలి, దాన్ని ఎవరు చేసిస్తారు అని అడిగేవాళ్లు అరుదు. ఆపరేషన్ టేబుల్ మీద బాగా తెరుచుకున్న రంధ్రం మూడు నెలలకి బఠాణీ గింజంత అయిందంటే చాలాసార్లు తప్పు ఈ రెండో భాగంలోనే ఉంటుంది. అందుకే ఈ రివ్యూ ఆపరేషన్ మీద తక్కువ, ఆ తర్వాత పెట్టుకునే బొటనవేలి గోరంత వస్తువు మీద, అంటే రంధ్రాన్ని తెరిచి ఉంచే స్టెంట్ అనే పొట్టి గొట్టం మీద ఎక్కువ.

మన దగ్గర వాడుకలో ఉన్నవి ప్రధానంగా మూడు రకాలు. ఎండోట్రాకియల్ ట్యూబ్ (మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలో పెట్టే గొట్టం) ముక్క కోసి పెట్టేది, రెడీమేడ్ సిలికోన్ రిటెయినర్, కొలత తీసి యాక్రిలిక్‌తో (పళ్ల సెట్లు కట్టే గట్టి ప్లాస్టిక్) చేసే స్టెంట్. స్ప్రింగో స్క్రూవో పెట్టి చేసే నాలుగో రకం కూడా ఉంది కానీ దాని అవసరం కొద్దిమందికే.

ముందు అసలు ఎందుకు మూసుకుపోతుందో తెలియాలి, లేకపోతే స్టెంట్ల మధ్య తేడా అర్థం కాదు. ముక్కు రంధ్రం అంచు గుండ్రటి చర్మం. కాలిన గాయం, యాసిడ్, గ్రహణం మొర్రి ఆపరేషన్ తాలూకు కుట్లు, యాక్సిడెంట్, ముక్కుపుటల అడుగు అతిగా కోసేసిన రైనోప్లాస్టీ (ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్), నెలలు నిండని పిల్లలకి ఊపిరికి సాయంగా ముక్కులో పెట్టే సీప్యాప్ గొట్టాల ఒరిపిడి, ఒకప్పుడు మశూచి, ఇప్పటికీ అక్కడక్కడా కుష్ఠు, ముక్కులో గడ్డలు కట్టించే రైనోస్క్లెరోమా ఇన్ఫెక్షన్. కారణం ఏదైనా, గాయం రంధ్రం చుట్టూ వలయంగా పడితే మానేటప్పుడు లంగా బొందు లాగినట్టు నాలుగు వైపుల నుంచీ బిగుస్తుంది. మానే కణజాలంలో మయోఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కండరంలా గుంజుతాయి. ఆ గుంజుడు మొదటి వారాల్లోనే మొదలై నెలల తరబడి సాగుతుంది. మచ్చ మెత్తబడి, ఎరుపు తగ్గి, స్థిరపడటానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది. స్టెంట్ చేయాల్సింది ఆ కాలమంతా ఆ గుంజుడికి ఎదురు నిలబడటం. పది రోజులు పెట్టి తీసేస్తే పెట్టనట్టే.

ఇంకో లెక్క కూడా చూడండి. గొట్టంలో గాలి వెళ్లడానికి అడ్డు, వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. ముక్కులో గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి ఈ సూత్రం అక్షరాలా వర్తించకపోయినా దిశ మాత్రం అదే. బయట కొలత 8 మి.మీ. ఉన్న స్టెంట్‌కి గోడ 1.5 మి.మీ. మందం ఉంటే లోపల మిగిలేది 5 మి.మీ. గోడ 1 మి.మీ. చేస్తే 6 మి.మీ. ఆ ఒక్క మిల్లీమీటరుకే ఈ లెక్కన గాలి దాదాపు రెట్టింపు వెళ్తుంది. కాబట్టి స్టెంట్ కొనేటప్పుడు బయట సైజు ఒక్కటే కాదు, లోపలి బెజ్జం కూడా అడగండి.

ఆపరేషన్ గురించి ఎంత అవసరమో అంతే. పొరలా సన్నగా అడ్డం పడిన మచ్చ అయితే జెడ్-ప్లాస్టీ చేస్తారు: మచ్చ గీతని మధ్య గీతగా తీసుకుని రెండు త్రికోణాలు కోసి వాటిని తారుమారు చేసి కుడతారు. కోణం 60 డిగ్రీలుంటే గీత పొడవు లెక్కప్రకారం 75 శాతం పెరుగుతుంది, 45 అయితే 50 శాతం, 30 అయితే 25 శాతం. పొడవు కంటే ముఖ్యమైన లాభం, వలయం తెగిపోవడం. మచ్చ మందంగా ఉండి లోపలి చర్మమే పోయి ఉంటే కొత్త చర్మం తేవాలి. చెవి వెనక నుంచి పూర్తి మందం చర్మం, లేదా చెవి నుంచి చర్మంతో పాటు మృదులాస్థి ముక్క, లేదా ముక్కు పక్క మడత నుంచి, ఒక కొస తెగకుండా తిప్పి తెచ్చే చర్మం ముక్క (ఫ్లాప్). తొడ నుంచి తీసే పల్చటి గ్రాఫ్ట్ (తెచ్చి అతికించే చర్మం ముక్క) ఇక్కడ మంచి ఎంపిక కాదు, ఎంత పల్చటి గ్రాఫ్ట్ అయితే తర్వాత అంతగా ముడుచుకుంటుంది. చెవి ముక్క అయితే లోపలి మృదులాస్థి దన్నుగా ఉంటుంది కాబట్టి తక్కువ ముడుచుకుంటుంది. కానీ సెంటీమీటరున్నర దాటితే మధ్యలో రక్తం అందక నల్లబడే ప్రమాదం. ఈ చెవి గ్రాఫ్ట్ మొదట పాలిపోయి, తర్వాత నీలంగా మారి, ఆ తర్వాత గులాబీ రంగుకి వస్తుంది. రెండో మూడో రోజు నీలం చూసి హడలిపోనక్కర్లేదు. సిగరెట్ మానని వాళ్లకి ఈ గ్రాఫ్ట్ పెట్టడం దండగ.

పనికిరాని ఆపరేషన్ ఒకటి చెప్పాలి. లేజర్‌తోనో కాటరీతోనో (కరెంటు వేడితో కాల్చే పరికరం) అడ్డుపొరని చుట్టూ గుండ్రంగా కాల్చి తెరవడం. ఆ రోజు చూడ్డానికి బాగుంటుంది. నిజానికి పాత వలయం తీసి కొత్త పచ్చి వలయం పెట్టినట్టు. దాని తర్వాత ఎంత మంచి స్టెంట్ పెట్టినా అది ఎదురీతే.

ఇక స్టెంట్లు.

ట్యూబ్ ముక్క. ఎండోట్రాకియల్ ట్యూబ్ మీద ఉన్న అంకె లోపలి వ్యాసం. 6.0 అని ఉంటే బయట కొలత 8 మి.మీ. దాటుతుంది. ఇది తెలియక అంకె చూసి ముక్క కోసేస్తే బిగుతుగా పడుతుంది. థియేటర్లో చేతికందేది, స్టెరైల్, చవక. ఆపరేషన్ రోజున రంధ్రంలో పెట్టి మధ్య గోడ మీదుగా ఒక కుట్టు వేసి నిలబెట్టడానికి దీన్ని మించింది లేదు. మొదటి వారం పది రోజులకి దీనికి మంచి మార్కులే.

ఆ తర్వాత కూడా అదే ఉంచి ఇంటికి పంపడం మాత్రం మేము ఒప్పుకోము. ముక్కు రంధ్రం గుండ్రంగా ఉండదు. పియర్ పండులా ఒక కొస సన్నగా, వంపుగా ఉంటుంది. గుండ్రటి గొట్టం రెండే చోట్ల ఆనుతుంది: మధ్య గోడకి, ముక్కుపుటకి. ఒత్తిడంతా అక్కడే. చర్మంలో సన్న రక్తనాళాలు సుమారు 30 మి.మీ. పాదరస ఒత్తిడికే మూసుకుపోతాయి. రాత్రంతా అలా నొక్కితే పొద్దున్నకి తెల్లటి మచ్చ, రెండు రోజులకి పుండు, పుండు మానాక ఇంకో మచ్చ. పైగా కోసిన అంచు వాడిగా ఉంటుంది. బ్లేడుతో కోసి దీపం మంట దగ్గర చూపించి నున్నగా చేశామంటారు, చేత్తో తడిమి చూడండి, గరుకు తెలుస్తుంది. ఈ గొట్టం పీవీసీ ప్లాస్టిక్; దానికి మెత్తదనం ఇచ్చే రసాయనం వారాల్లో కారిపోతుంది, గొట్టం గట్టిపడుతుంది. రెండు విడి ముక్కలుగా పెడితే నిద్రలో ఒకటి లోపలికి జారే ప్రమాదం కూడా ఉంది. పిల్లలకైతే ఇది అసలు వద్దు.

రెడీమేడ్ సిలికోన్ రిటెయినర్. జపాన్ కంపెనీ కోకెన్ చేసే నాస్ట్రిల్ రిటెయినర్ ఈ రకంలో పేరున్నది. ఇదే పోలికతో వేరే తయారీలూ ఉన్నాయి. రెండు పొట్టి గొట్టాలు, వాటిని కలిపే సన్నటి వంతెన. మెత్తగా ఉంటుంది, తనంతట తానే నిలుస్తుంది, పెట్టుకున్నా దూరం నుంచి పెద్దగా కనబడదు. ఉడకబెట్టి శుభ్రం చేసుకోవచ్చు. రాత్రి బయటికొచ్చినా రోగి తానే మళ్లీ పెట్టుకోగలడు. గ్రహణం మొర్రి పిల్లలకి ముక్కు సరిచేశాక పుట కుంగిపోకుండా ఆపడానికి ఇది బాగా పనికొస్తుంది. కుంగిన వైపు గొట్టం పైభాగంలో 1 మి.మీ. సిలికోన్ షీటు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికిస్తూ, ఎదుటి వైపు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తు ఉంచడం తెలిసిన పద్ధతి. తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది కదా.

దీని పరిమితి ఒక్క మాటలో: ఉన్న వెడల్పుని నిలబెడుతుంది, కొత్త వెడల్పు ఇవ్వదు. కాలిన మచ్చ గట్టిగా గుంజుతుంటే సిలికోన్ నలిగిపోతుంది. పెట్టుకున్నట్టే ఉంటుంది, లోపల బెజ్జం మాత్రం చీలికలా మారిపోయి ఉంటుంది. ముందు నుంచి టార్చి వేసి చూడండి, బెజ్జం గుండ్రంగా కనబడకపోతే అది ఓడిపోతోందని అర్థం. రెండో ఇబ్బంది, రెండు గొట్టాలూ ఒకే సైజు. ఒక పక్క రంధ్రం మాత్రమే సన్నబడిన వాళ్లకి మంచి వైపు వదులుగా, జబ్బు వైపు బిగుతుగా పడుతుంది. సైజులు కూడా కంపెనీ చేసినన్నే. వాటి మధ్యలో పడిన ముక్కుకి కత్తెరతో కోసి సర్దుతుంటారు. కోసిన అంచు నుంచి సిలికోన్ చిరగడం మొదలవుతుంది.

కొలత తీసి చేసే యాక్రిలిక్ స్టెంట్. మా ఓటు దీనికే, ముఖ్యంగా ఒక వైపు రంధ్రానికి, కాలిన గాయాలకి, రెండోసారి మూసుకుపోయిన వాళ్లకి. ఇక్కడే ఒక చిక్కు. దీన్ని చేసేది సర్జన్ కాదు, పళ్ల సెట్లు కట్టే ప్రోస్తోడాంటిస్ట్. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనూ, ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ ఆ విభాగం ఉంటుంది. సర్జన్ కాగితం మీద రాసి పంపితే పని జరుగుతుంది. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఈ ఇద్దరూ ఒకసారి మాట్లాడుకున్నారో లేదో కనుక్కోండి. మాట్లాడుకోకపోతే కుట్లు తీసిన రోజుకీ స్టెంట్ వచ్చే రోజుకీ మధ్య వారం పది రోజుల ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలోనే రంధ్రం సగమవుతుంది.

కొలత తీయడం ఎలా ఉండాలో తెలిస్తే, మీకు సరిగ్గా చేస్తున్నారో లేదో మీకే తెలుస్తుంది. ముందు ముక్కులో వెంట్రుకలు కత్తిరించి పక్కులు తీసేస్తారు. తర్వాత పల్చటి కట్టు గుడ్డ (గాజ్) చిన్న ఉండకి డెంటల్ ఫ్లాస్ దారం కట్టి రంధ్రం లోపల అడ్డంగా పెడతారు, దారం కొస చెంపకి టేపుతో అంటిస్తారు. ఇది లేకుండా మెటీరియల్ ఎక్కిస్తుంటే ఆపమనండి. వెనక్కి జారి గొంతులోకి పోతుంది. పల్చటి డెంటల్ సిలికోన్‌ని సిరంజితో ఎక్కించి, పైన పుట్టీ అద్ది, నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉంచి, రంధ్రం వంపు ఎటుందో అటే లాగుతారు. ఆల్జినేట్‌తో (నీళ్లలో కలిపి వాడే ఇంకో కొలత పదార్థం) కూడా తీస్తారు కానీ సన్నటి చోట అది తెగిపోతుంది, వెంటనే అచ్చు పోయకపోతే నీరు వదిలి కుదించుకుపోతుంది. తర్వాత ఆ కొలత నుంచి పోసిన రాతి అచ్చు (గట్టి ప్లాస్టర్ మూస) మీద, మచ్చ బిగుసుకున్న చోట మిల్లీమీటరు దాకా గీకుతారు. స్టెంట్ ఆ చోట అంత మేర బయటికి తోస్తుంది. ఈ పరికరం పనితనమంతా ఆ గీకుడులోనే ఉంది, రెడీమేడ్ వస్తువుకి లేనిది కూడా అదే.

వేడినీళ్లలో గట్టిపరిచిన యాక్రిలిక్ కావాలని అడగండి. 74 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలకి పైగా ఉంచేది పాత, నమ్మకమైన పద్ధతి. కుర్చీ పక్కనే పది నిమిషాల్లో గట్టిపడేది కూడా ఉంది, దాంతోనూ చేసిస్తారు; కానీ అందులో మిగిలిపోయే మోనోమర్ (గట్టిపడకుండా మిగిలిన ముడి ద్రవం) 3 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, వేడి పద్ధతిలో అర శాతానికి లోపే. పచ్చి గ్రాఫ్ట్ మీద ఆ మోనోమర్ మంట పుట్టిస్తుంది. ఏది చేసినా 24 గంటలు నీళ్లలో నానబెట్టి ఇవ్వాలి. చేతికొచ్చాక వాసన చూడండి, పళ్ల సెట్టు ఘాటు ఇంకా ఉంటే ఇంకో రోజు నాననివ్వండి. అంచులన్నీ గుండ్రంగా ఉండాలి. వంతెన మధ్య గోడకి తగలకుండా కొద్దిగా ఎడం ఉండాలి. లోపలి కొస మచ్చ వలయాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు దాటాలి. అంతకు తక్కువైతే మచ్చ దాన్ని పిండి బయటికి తోసేస్తుంది, మరీ ఎక్కువైతే లోపలి మెత్తటి పొరకి గీసుకుని రక్తం వస్తుంది.

పెట్టగానే చర్మం తెల్లబారుతుంది. కొద్ది నిమిషాల్లో రంగు తిరిగి రావాలి. పావుగంటకీ తెల్లగానే ఉంటే అది బిగువు కాదు, ప్రమాదం, తీసేసి గీకించుకోవాలి. వదులైందని అనిపించాక వారం రెండు వారాలకోసారి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా మందం పెంచుతారు. ఒకేసారి రెండు మిల్లీమీటర్లు పెంచి "త్వరగా తెరుద్దాం" అంటే చర్మం చిట్లుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నష్టాలూ ఉన్నాయి. గట్టిగా ఉంటుంది, మొదటి వారం విసుగు. కింద పడితే పగులుతుంది. మూడు నాలుగు సార్లు డెంటల్ కాలేజీకి తిరగాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చేవాళ్లకి ఆ బస్సు చార్జీలు, పోయిన కూలి, స్టెంట్ ఖర్చుని మించిపోతాయి. అలాంటి వాళ్లకి మొదటిసారే మూడు సైజులు వరసగా చేయించి ఇవ్వడం మంచిది. అచ్చు ఒకటే కాబట్టి ల్యాబుకి అది పెద్ద పని కాదు.

స్క్రూ రకం సంగతి రెండు మాటలు. ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ల వరస సరిచేసే వైద్యం) వాడే చిన్న స్క్రూ పెట్టి, పావు తిప్పుకి సుమారు 0.25 మి.మీ. చొప్పున తెరిచేది. ఆపరేషన్ వద్దనుకునే వాళ్లకి, మచ్చ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు పనికొస్తుంది. గొట్టం నిండా లోహం ఉండటంతో గాలి సరిగా రాదు. ఏడాది దాటి ముదిరిన మచ్చ మీద దీన్ని తిప్పడం వృథా.

వాడే పద్ధతి దగ్గర అందరూ ఒక్క చోటే జారతారు. మొదటి మూడు నెలలు, వీలైతే ఆరు, రాత్రీ పగలూ. శుభ్రం చేసుకునే పది నిమిషాలు తప్ప. ఆ తర్వాత రాత్రులు మాత్రం, ఏడాది దాకా. జలుబు చేసిందని రెండు రోజులు తీసేసి పక్కన పెడితే మూడో రోజు ఎక్కదు. అప్పుడు తోసి ఎక్కించొద్దు. కిందటి సైజు దాచి ఉంచాలి అనేది అందుకే: అది పెట్టుకుని రెండు రోజులాగి పైసైజుకి రావాలి. పిల్లలకి జత స్పేర్ తప్పనిసరి; స్కూలు వ్యానులో ఒకటి పోతుంది, ఇది రాసిపెట్టుకోండి.

శుభ్రం చేయడంలో మెటీరియల్ తేడా ఉంది. సిలికోన్‌ని మరిగే నీళ్లలో వేయొచ్చు. యాక్రిలిక్‌ని వేస్తే వంకర తిరుగుతుంది. యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవకూడదు. ఆల్కహాల్‌కి పైన వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, వాటిలో చీమిడి పట్టి వాసనొస్తుంది. గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు, మెత్తటి టూత్ బ్రష్, లోపలి బెజ్జానికి పళ్ల సందుల్లో వాడే సన్న బ్రష్. అంతే. ముక్కుకి ఉప్పునీళ్లు: కాచి చల్లార్చిన పావు లీటరు నీటికి అర టీస్పూన్‌కి కొంచెం తక్కువ ఉప్పు. ఎక్కించేటప్పుడు జారుడు కోసం నీటి ఆధారిత జెల్లీ చాలు. కొబ్బరినూనె, వాజలీన్ నెలల తరబడి ముక్కులో పూస్తే నూనె కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా లాంటిది తెచ్చే అవకాశముంది.

ఆడవాళ్లకి ఒక మాట: ఆ పక్క ముక్కుపుడక ఉంటే తీసేయాలి. లోపలి శీల స్టెంట్‌కీ చర్మానికీ మధ్య నలిగి పుండు పెడుతుంది, ఆ పుండు మళ్లీ వలయంలోనే పడుతుంది.

మచ్చ ఉబ్బుతుంటే స్టెంట్‌తో పాటు ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మూడు నాలుగు వారాలకోసారి ఇస్తారు. ఎక్కువైతే చర్మం పల్చబడి మృదులాస్థి బయటపడే ప్రమాదముంది కాబట్టి ఇది స్టెంట్‌కి తోడు మాత్రమే, బదులు కాదు. కొందరు సర్జన్లు ఆపరేషన్ సమయంలోనే మైటోమైసిన్-సి మందు తడిపిన దూది కొద్ది నిమిషాలు అద్దుతారు. అది క్యాన్సర్ మందు, ఇక్కడ దాని వాడకం లేబుల్ మీద లేనిది, అంటే ఈ పనికని అనుమతి పొందింది కాదు. అద్దబోతున్నారేమో ముందే అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ముక్కులో స్టెంట్ పెట్టడం కొత్త వింతేమీ కాదు. కోసేసిన ముక్కుని చెంప చర్మంతో అతికించే పద్ధతి చెప్పిన సుశ్రుత సంహిత, అతికించాక రంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టమని కూడా చెప్పింది. చర్మం ముడుచుకుంటుందని ఆ కాలానికే తెలుసు.

మార్కులు వేయమంటే: ట్యూబ్ ముక్క, మొదటి పది రోజులకి పదికి తొమ్మిది, ఆ తర్వాత రెండు. సిలికోన్ రిటెయినర్, మొర్రి పిల్లలకీ, రెండు వైపులా తేలికపాటి మచ్చ ఉన్నవాళ్లకీ, యాక్రిలిక్ వాడకం అయ్యాక రాత్రుళ్లకీ ఎనిమిది; గట్టి కాలిన మచ్చకి నాలుగు. చేయించిన యాక్రిలిక్, పగలూ రాత్రీ వాడాల్సిన మొదటి ఆర్నెల్లకి తొమ్మిది, దగ్గరలో చేసేవాళ్లు ఉంటేనే. ఏడాది లోపు పసిపిల్లలకి వీటిలో ఏదీ ఇంట్లో సొంతంగా ప్రయత్నించొద్దు. మొదటి నెలల్లో వాళ్లు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు, గొట్టంలో పక్కు అడ్డుపడితే నిమిషాల్లో ఇబ్బంది.

ఎప్పుడు మానేయాలి అంటే క్యాలెండర్ చూసి కాదు. ఒక రాత్రి పెట్టకుండా పడుకుని పొద్దున్నే పెట్టి చూడండి. అడ్డు లేకుండా, చర్మం తెల్లబారకుండా జారిపోతే ఇంకో వారం తర్వాత రెండు రాత్రులు వదలండి. ఆ పైన నాలుగు. ఎక్కడ బిగుతు తగిలినా అక్కడి నుంచి రోజూ రాత్రి వాడకానికి తిరిగి, నెల తర్వాత మళ్లీ చూడాలి. రెండు వారాలు వదిలాక కూడా తేలిగ్గా ఎక్కుతుంటే డబ్బాలో వేసి ఏడాది దాచండి, పారేయకండి.